సముద్రాల ఆవలి సంఘాలు... గుంటూరు చదువులకు అండ
మూడుసార్లు తెలుగునాట అడుగుపెట్టిన ఫాదర్ హయ్యర్ జీవన ప్రస్థానం

గుంటూరు: గుంటూరు నగరంలో ఆంధ్ర క్రైస్తవ కళాశాల పేరు తెలియనివారు అరుదు. ఏసీ కాలేజీగా తరతరాల విద్యార్థుల నోట నానిన ఈ సంస్థకు మూలం 1842లో మొదలైన ఒక చిన్న బడి. జర్మనీలో పుట్టి, అమెరికాలో పెరిగి, ముమ్మారు తెలుగునాట అడుగుపెట్టిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ ఆ బడికి ఆద్యులు. ఆయన జీవితం ఒక్క మిషనరీ కథ మాత్రమే కాదు. గుంటూరును కనీవినీ ఎరుగని పెన్సిల్వేనియా పల్లెల్లోని లూథరన్ సంఘాలు, తాము ఎన్నడూ చూడబోని పిల్లల చదువుకు ఏళ్ల తరబడి సొమ్ము పంపిన కథ కూడా అందులో ఇమిడి ఉంది. ఆ సొమ్ము ఆగిపోయే ప్రమాదం ఏర్పడినప్పుడు ఒక వృద్ధుడు ఏం చేశారన్నదే ఈ చరిత్రలో కీలక ఘట్టం.

విశ్వవిద్యాలయ పట్టణంలో జననం

హయ్యర్ 1793 జులై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పట్టణంలో జన్మించారు. తండ్రి బొచ్చుతోళ్ల వ్యాపారి. హెల్మ్‌స్టెట్ చిన్న ఊరే అయినా 1576 నుంచి అక్కడ విశ్వవిద్యాలయం ఉండేది. ప్రొటెస్టంట్ పండితులకు అది పేరొందిన నెలవు. అయితే హయ్యర్ బాల్యంలోనే ఐరోపాను నెపోలియన్ యుద్ధాలు కుదిపివేశాయి. 1806లో ఆ ప్రాంతం ఫ్రెంచి సేనల అధీనంలోకి వెళ్లింది. తరువాత నెపోలియన్ సోదరుడు జెరోమ్ ఏలుబడిలో, 1810లో విశ్వవిద్యాలయం మూతపడింది. రెండు శతాబ్దాలకు పైగా నిలిచిన విద్యాలయం ఒక్క రాజాజ్ఞతో కనుమరుగైంది.

అప్పటికే హయ్యర్ స్వస్థలంలో లేరు. యుద్ధపు నీడ నుంచి కుమారుణ్ణి తప్పించదలచిన తల్లిదండ్రులు 1807లో ఆయనను అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరానికి, మేనమామ ఇంటికి పంపించారు. అప్పటికి ఆయన వయసు 14 ఏళ్లు. మేనమామదీ బొచ్చుతోళ్ల వ్యాపారమే. పని నేర్చుకుంటూనే ఆ బాలుడు నగరంలోని జర్మన్ లూథరన్ సంఘానికి చేరువయ్యారు. అక్కడి గురువుల వద్ద వేదాంత విద్య ప్రారంభించారు. 1815లో జర్మనీకి తిరిగి వెళ్లి గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదివారు. 1816లో అమెరికా చేరుకున్నారు. మరుసటి ఏడాది పెన్సిల్వేనియా మినిస్టీరియం ఆయనకు బోధకుడిగా అనుమతినిచ్చింది. మినిస్టీరియం అంటే ఆ ప్రాంతపు లూథరన్ సంఘాలన్నింటి ఉమ్మడి మండలి. 1820లో ఆయన పాదిరిగా అభిషేకం పొందారు.

అడవుల వెంట సంచారం

ఆనాటి అమెరికా పశ్చిమ దిశగా విస్తరిస్తున్న దేశం. పెన్సిల్వేనియా కొండల్లో, మేరీలాండ్ లోయల్లో జర్మన్ వలసదారులు అడవులు నరికి సేద్యం చేస్తుండేవారు. వారికి ప్రార్థనా మందిరాలు లేవు, పిల్లలకు బడులు లేవు. హయ్యర్ గుర్రమెక్కి ఊరూరా తిరిగేవారు. ఒకచోట జర్మన్ భాషలో, మరొకచోట ఆంగ్లంలో బోధించేవారు. నలుగురు పోగైన చోట సంఘాన్ని ఏర్పరచి, అది కుదురుకోగానే మరొకరికి అప్పగించి ముందుకు సాగేవారు.

1819లో ఆయన మేరీ అనే వితంతువును వివాహమాడారు. అప్పటికే ఆమెకు సంతానం ఉంది. 1830 ప్రాంతంలో లూథరన్ సండే స్కూళ్ల సంస్థ తరఫున హయ్యర్ పశ్చిమ రాష్ట్రాలలో సుదీర్ఘంగా పర్యటించారు. సండే స్కూళ్లు కేవలం మతబోధకు పరిమితమైనవి కావు. బడి లేని ఊళ్లలో పిల్లలకు అక్షరాలు నేర్పిన చోట్లు కూడా అవే. 1837లో పిట్స్‌బర్గ్ నగరంలో ఆంగ్ల, జర్మన్ లూథరన్ సంఘాలకు ఆయన పునాది వేశారు.

ఈ ఇరవై ఏళ్ల సంచారం తరువాతి కాలంలో అక్కరకు వచ్చింది. ఏ సంఘంలో ఎవరున్నారో, ఎవరి చేయి ఎంత పెద్దదో, ఏ ఊరికి ఏ మాట చెబితే మనసు కరుగుతుందో ఆయనకు తెలుసు. గుంటూరుకు సొమ్ము పంపిన సంఘాలను ఆయన ముందుగా మనుషులుగా ఎరిగి ఉన్నారు.

ఎవరి పేరున పంపాలి?

తిరునెల్వేలి ప్రాంతంలో పనిచేస్తున్న జర్మన్ మిషనరీ రేనియస్, తనను పంపిన సంస్థతో విభేదించి, సాయం కోరుతూ అమెరికా లూథరన్లను ఆశ్రయించారు. ఆ విన్నపం అక్కడి సంఘాలలో కదలిక తెచ్చింది. 1837లో విదేశీ మిషనరీ సంఘం ఏర్పడింది. అయితే రేనియస్ 1838లో మరణించారు. ఆయన అనుచరులు ఆంగ్లికన్ మిషన్‌తో రాజీపడ్డారు. దాంతో లూథరన్లు వేరే క్షేత్రాన్ని వెతుక్కోవలసి వచ్చింది.

1839 జనవరిలో హయ్యర్ భార్య మరణించారు. ఆమెను సోమర్సెట్ కౌంటీలో సమాధి చేశారు. ఆ మరుసటి ఏడాది భారతదేశానికి వెళ్లవలసిందిగా మిషనరీ సంఘం ఆయనను కోరింది. ఆయన అంగీకరించారు. అంతలోనే చిక్కు వచ్చిపడింది. బోస్టన్ కేంద్రంగా పనిచేసే ఒక పెద్ద అమెరికన్ మిషన్ బోర్డు నీడన, దాని ఏర్పాట్ల కింద ఆయనను పంపాలని సంఘం నిర్ణయించింది. ఆ బోర్డుకు అనుభవముంది, ధనముంది, ఓడల ఏర్పాట్లున్నాయి. లౌకికంగా చూస్తే అది తెలివైన నిర్ణయమే.

హయ్యర్ మాత్రం సమ్మతించలేదు. తన నియామకాన్నే వదులుకున్నారు. లూథరన్ సంఘాలు తమ పేరున, తమ బాధ్యతపై పంపితేనే ఆ పనిపై వాటికి మమకారం నిలుస్తుందని, వేరొకరి ఖాతాలో కలిసిపోయిన చందాను ఇచ్చినవారే మరచిపోతారని ఆయన భావించారు. 1841లో పెన్సిల్వేనియా మినిస్టీరియం ముందుకు వచ్చి ఆయనను తన తొలి విదేశీ మిషనరీగా నియమించింది. ఈ నడుమ బాల్టిమోర్‌లో ఆయన సంస్కృతం, వైద్యం అభ్యసించారు. 1841 అక్టోబరు 14న బోస్టన్ రేవులో బ్రెండా అనే ఓడ ఎక్కేనాటికి ఆయనకు 48 ఏళ్లు.

గుంటూరు ఆహ్వానం

నెలల తరబడి సముద్రయానం తరువాత ఓడ 1842లో సింహళం చేరింది. అక్కడి నుంచి తమిళ ప్రాంతం మీదుగా మద్రాసు, మద్రాసు నుంచి నెల్లూరు మీదుగా ఉత్తరానికి హయ్యర్ ప్రయాణించారు. నెల్లూరులో అప్పటికే అమెరికన్ బాప్టిస్టులు, మచిలీపట్నంలో ఆంగ్లికన్లు స్థిరపడ్డారు. ఈ రెండింటి నడుమనున్న గుంటూరులో మిషన్ ఏదీ లేదు. అక్కడి కలెక్టరు హెన్రీ స్టోక్స్ చాలాకాలంగా ఒక మిషనరీ కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన ఆహ్వానం అందుకుని 1842 జులై 31, ఆదివారం నాడు హయ్యర్ గుంటూరు చేరారు. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం తన చరిత్రను ఆ తేదీ నుంచే లెక్కిస్తుంది.

ఆనాటి గుంటూరు పరిస్థితి దయనీయం. పదేళ్ల క్రితం వచ్చిన డొక్కల కరువు జిల్లాను శ్మశానంగా మార్చింది. జిల్లాలోని సుమారు 5 లక్షల జనాభాలో లక్షన్నరకు మించి మరణించినట్లు అంచనా. కృష్ణపై ఆనకట్ట ఇంకా లేదు. దాని నిర్మాణం మొదలయ్యేది 1852లో. పన్నుల భారం, పాడుబడిన ఊళ్లు, వలసపోయిన కుటుంబాలు కలెక్టరుకు నిత్యసమస్యలు. ఇంగ్లీషు చదువు కచేరీ ఉద్యోగానికి తలుపు తెరుస్తుందన్న ఆశ పట్టణంలోని పై వర్గాలలో అప్పుడే మొగ్గ తొడుగుతోంది. ఊరి వెలుపలి పేటల పిల్లలకైతే ఏ భాషలోనూ చదువు లేదు.

హయ్యర్‌కు తెలుగు రాదు. తొలినాళ్లలో దుబాసీ సాయంతో మాట్లాడేవారు. నేడు మనమెరిగిన బ్రౌన్ నిఘంటువు అప్పటికి వెలువడలేదు. దాదాపు 50 ఏళ్ల వయసులో, జర్మన్ యాస వీడని నాలుకతో ఆయన తెలుగు అక్షరాలు దిద్దారు.

బడితో మొదలు

గుంటూరు చేరిన ఏడాదే బడి మొదలైంది. స్టోక్స్ అండ అందుకు తోడ్పడింది. ఇంగ్లీషు, తెలుగు రెండూ నేర్పే ఆంగ్లో వెర్నాక్యులర్ పాఠశాలగా అది రూపుదిద్దుకుంది. దాని వెంట తెలుగు బడులు వెలిశాయి. 1844లో వాల్టర్ గన్ దంపతులు అమెరికా నుంచి వచ్చి హయ్యర్‌తో కలిశారు. దీర్ఘవ్యాధితో బాధపడుతూనే పనిచేసిన గన్ 1851లో గుంటూరులోనే కన్నుమూశారు.

బడుల విషయంలో మిషన్ ముందు ఒక ధర్మసందేహం ఉండేది. ఇంగ్లీషు కోసం వచ్చే విద్యార్థులలో ఎక్కువమంది మతం మార్చుకునే ఉద్దేశం లేనివారు. మతప్రచారానికి కానుకలిచ్చిన సంఘాల సొమ్మును ఉద్యోగార్థుల చదువుకు వెచ్చించడం ఎంతవరకు సబబన్న చర్చ అనేక మిషన్లలో నడిచింది. హయ్యర్ స్వతహాగా బోధకుడు. బడి ఆయనకు సాధనమే తప్ప గమ్యం కాదు. అయినా బడిని ఆయన వదలలేదు. చదవలేని సంఘం నిలవదని లూథరన్ సంప్రదాయం ఆయనకు నేర్పింది. పరాయివాడి మతం అక్కరలేనివారికి కూడా అతని చదువు అక్కరకు వస్తుందని గుంటూరు నేర్పింది.

సొమ్ము రాకలో చిక్కులు ఎన్నో. అమెరికా పల్లెల్లో పోగైన చందా మండలి ఖజానాకు చేరాలి. అక్కడి నుంచి వర్తకుల హుండీల ద్వారా మద్రాసుకు రావాలి. జాబుకు జవాబు రావడానికి నెలలు పట్టేది. ఒక ఏడు పంట దెబ్బతింటే మరుసటి ఏడు గుంటూరు బడికి కటకట తప్పదు. అందుకే హయ్యర్ విడవకుండా ఉత్తరాలు రాసేవారు. చర్చి పత్రికలలో అచ్చయిన ఆ జాబులు గుంటూరు అనే పేరును పెన్సిల్వేనియా ఇళ్లకు చేర్చాయి.

53వ ఏట వైద్య పట్టా

1845లో బయలుదేరి హయ్యర్ అమెరికా తిరిగి వెళ్లారు. అది విశ్రాంతి కోసం చేసిన ప్రయాణం కాదు. బాల్టిమోర్‌లో సెయింట్ జాన్స్ సంఘాన్ని నెలకొల్పుతూ, మరోవైపు వైద్యవిద్యార్థుల సరసన కూర్చుని చదివారు. 1847లో వైద్య పట్టా పొందారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు. జ్వరాలు, కలరా విజృంభించే జిల్లాలో బోధకుడికి వైద్యం తెలియకపోవడం లోపమని తొలి మూడేళ్లలో ఆయన గ్రహించారు. ఆ ఏడాది చివర మళ్లీ ఓడ ఎక్కి 1848లో గుంటూరు చేరుకున్నారు.

పలనాటి గడ్డపై

1849లో హయ్యర్ గుంటూరును సహచరులకు అప్పగించి పలనాడులోని గురజాలకు తరలివెళ్లారు. నలగామరాజు రాజధానిగా పలనాటి వీరచరిత్రలో నిలిచిన ఊరు అది. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారిని ఒకే చాపపై కూర్చోబెట్టి చాపకూడు కుడిపిన గడ్డ. మాల కన్నమదాసు సేనానిగా నిలిచిన గడ్డ. ఆ వీరగాథలు ఏటా పాడుకునే సీమలోనే మాలపల్లెల, మాదిగపల్లెల పిల్లలు బడి గడప తొక్కలేని రోజులవి.

నేడు నాగార్జునసాగర్ కాలువలు పారుతున్న పలనాడు ఆనాడు మెట్ట ప్రాంతం. ఎండలు మండిపోయేవి. విషజ్వరాలు మనుషులను ఒడలార్చేవి. గురజాలలో నివాసం ఏర్పరచుకోవడానికి స్టోక్స్ మరోసారి తోడ్పడ్డారు. హయ్యర్ చుట్టుపక్కల పల్లెలు తిరిగి మందులిచ్చారు, బోధించారు, బడులు పెట్టారు. అంటరానివారుగా ముద్రపడిన కుటుంబాలే ఎక్కువగా ఆయన మాట విన్నాయి. గుంటూరు పట్టణంలో బడి ముందు, సంఘం వెనుక అన్నట్లు సాగితే, పలనాడులో సంఘం ముందు పుట్టి బడిని కోరింది.

మరోవైపు గోదావరి తీరంలో ఉత్తర జర్మన్ మిషన్ నడుపుతున్న రాజమహేంద్రవరం కేంద్రం ఆర్థికంగా చితికిపోయింది. 1851 నుంచి అది అమెరికన్ లూథరన్ల చేతికి వచ్చింది. అక్కడి జర్మన్ మిషనరీ గ్రోనింగ్ వంటివారు అదే పనిలో కొనసాగారు. దీంతో కృష్ణా, గోదావరి రెండు నదుల వెంట పనిభారం పెన్సిల్వేనియా, దాని సోదర సంఘాలపై పడింది. ఆరోగ్యం క్షీణించడంతో 1857లో హయ్యర్ తెలుగునాటికి వీడ్కోలు పలికారు. అప్పటికి ఆయనకు అరవై నాలుగో ఏడు. ఇక తిరిగిరారనే అందరూ భావించారు.

అంతర్యుద్ధం... ఎండిన చందాలు

అమెరికా చేరిన హయ్యర్ ఇంటిపట్టున కూర్చోలేదు. కొత్తగా జనం స్థిరపడుతున్న మిన్నసోటా ప్రాంతానికి వెళ్లారు. యువకులు సైతం జంకే చలిలో ఊరూరా తిరిగి జర్మన్ వలసదారుల సంఘాలను కూడగట్టారు. 1860లో మిన్నసోటా సినడు ఏర్పాటులో ముఖ్యపాత్ర వహించి దానికి తొలి అధ్యక్షుడయ్యారు.

1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. అమెరికా పత్తి ఆగిపోవడంతో మన కోస్తా జిల్లాల పత్తికి గిరాకీ పెరిగింది. అదే యుద్ధం గుంటూరు మిషన్‌కు వచ్చే సొమ్మును హరించింది. కాగితపు డాలరు విలువ పడిపోయింది. యువకులు యుద్ధానికి వెళ్లడంతో కొత్త మిషనరీలు దొరకలేదు. ఉన్నవారిలో కొందరు మరణించారు, మరికొందరు రోగాలతో స్వదేశం చేరారు. ఒక దశలో 1858లో వచ్చిన ఎరియాస్ ఉనాంగ్స్ట్ ఒక్కరే రెండు జిల్లాల పనిని మోయవలసి వచ్చింది.

యుద్ధం ముగిసినా సంఘాలు చీలిపోయాయి. సిద్ధాంత భేదాలతో 1866లో పెన్సిల్వేనియా మినిస్టీరియం జాతీయ జనరల్ సినడు నుంచి తప్పుకుంది. మరుసటి ఏడాది జనరల్ కౌన్సిల్ అనే ప్రత్యేక కూటమి ఏర్పడింది. మిషన్ మాత్రం జనరల్ సినడు చేతిలోనే మిగిలింది. చీలికతో బక్కచిక్కిన ఖజానా రెండు కేంద్రాలను నడపలేకపోయింది. గుంటూరును అట్టేపెట్టుకుని, రాజమహేంద్రవరాన్ని ఆంగ్లికన్ల చర్చి మిషనరీ సొసైటీకి అప్పగించే ఏర్పాట్లు మొదలయ్యాయి.

76వ ఏట మూడో ప్రయాణం

ఈ వార్త చేరేనాటికి హయ్యర్ జర్మనీలో, తాను పుట్టిన గడ్డపై ఉన్నారు. 1807లో వదిలివెళ్లిన ఊరికి వృద్ధాప్యంలో తిరిగివచ్చి శేషజీవితం గడపడానికి ఆయనకు ఏ అడ్డంకీ లేదు. కాని కబురు అందగానే అమెరికాకు బయలుదేరారు. 1869 మే నెలలో పెన్సిల్వేనియాలోని రెడింగ్ పట్టణంలో మినిస్టీరియం సమావేశమైంది. హయ్యర్ సభ ముందు నిలిచారు. రాజమహేంద్రవరాన్ని వదులుకోవద్దని, మినిస్టీరియం తిరిగి తన చేతికి తీసుకోవాలని కోరారు. వెళ్లేందుకు ఎవరూ లేరన్న సమస్యకు తానే సమాధానమయ్యారు. యువ మిషనరీలు వచ్చేదాకా తాను వెళ్లి ఉంటానని ప్రకటించారు.

ఆ సభలోని పాదిరీలలో చాలామందికి హయ్యర్ తొలిసారి గుంటూరు వెళ్లిన నాటి సంగతులు విన్న కథలు మాత్రమే. అటువంటి పెద్దాయన మూటాముల్లె సర్దుకుని ఎదుట నిలబడితే కాదనడం ఎవరి తరమూ కాలేదు. అప్పగింత ఆగింది. బాధ్యతను జనరల్ కౌన్సిల్ స్వీకరించింది. 28 ఏళ్ల క్రితం సంఘం తన పేరునే పంపాలని ఆయన పట్టుబట్టడంలోని ఆంతర్యం ఆనాడు తేటపడింది. సొమ్ము తక్కువైన కాలంలోనూ ఇది మనదన్న మాట ఆ సభను కదిలించింది.

1869 ఆగస్టు చివర బయలుదేరిన హయ్యర్ డిసెంబరు 1న రాజమహేంద్రవరం చేరారు. కాటన్ దొర నిర్మించిన ధవళేశ్వరం ఆనకట్టతో గోదావరి డెల్టా అప్పటికే పచ్చబడింది. మిషన్ మాత్రం వాడిపోయి ఉంది. ఆయన బడులను, సంఘాలను ఒక్కొక్కటిగా పరిశీలించి గాడిన పెట్టారు. 1870లో వచ్చిన యువ మిషనరీలలో ఒకరు కొద్ది వారాలకే మరణించడం తీరని దెబ్బ. గ్రోనింగ్ వద్ద శిక్షణ పొందిన హెచ్.సి. ష్మిట్ అదే ఏడాది చేరుకుని పని అందుకున్నారు. వారసులు కుదురుకున్నారని నమ్మకం కలిగాక 1871 ఆరంభంలో హయ్యర్ చివరిసారిగా తెలుగునాట ఓడ ఎక్కారు.

తుది మజిలీ

చివరి రోజుల్లో ఫిలడెల్ఫియాలోని లూథరన్ సెమినరీలో విద్యార్థులకు పెద్దదిక్కుగా, వసతిగృహ సంరక్షకుడిగా ఆయన ఉన్నారు. లూథరన్లు తమ పాదిరీలను ఫాదర్ అని పిలవడం సాధారణంగా కనిపించదు. వయసుకు, త్యాగానికి ఇచ్చిన గౌరవంగా ఆ పిలుపు హయ్యర్ పేరుకు ముందు స్థిరపడింది. 1873 నవంబరు 7న, 80 ఏళ్ల వయసులో ఆయన తుదిశ్వాస విడిచారు. సోమర్సెట్ కౌంటీలో 34 ఏళ్ల క్రితం కన్నుమూసిన భార్య సమాధి పక్కనే ఆయన భౌతికకాయాన్ని ఖననం చేశారు. ఆయన పేరిట సెమినరీ విద్యార్థులు మిషనరీ సంఘాన్ని ఏర్పరచుకున్నారు.

బడి కళాశాలైన వేళ

హయ్యర్ మరణించేనాటికి గుంటూరులో కళాశాల లేదు. పదేళ్ల తరువాత, 1883లో ఎల్.బి. వుల్ఫ్ గుంటూరు వచ్చారు. ఆయన హయాంలో 1885లో పాత బడి ద్వితీయ శ్రేణి కళాశాల స్థాయికి ఎదిగింది. అమెరికా సంఘాల చందాలే దానికి ప్రధాన ఆధారం. బడిని పోషించడం వేరు, కళాశాలను పోషించడం వేరు. అధ్యాపకులు, గ్రంథాలయం, ప్రయోగశాల, వసతిగృహాలు కావాలి. ఆ ఖర్చు ఏ ఒక్క ఏటితోనూ తీరేది కాదు.

అదే 1883లో వైద్యురాలు అన్నా కుగ్లర్ గుంటూరు చేరారు. లూథరన్ మహిళా సమాజాల చేయూతతో ఆమె నెలకొల్పిన ఆసుపత్రి 1898లో ప్రారంభమై నేటికీ ఆమె పేరుతోనే ప్రసిద్ధి చెందింది. హయ్యర్ మందుల సంచీతో మొదలైన పని ఆమె చేతుల్లో స్త్రీల వైద్యశాలగా వికసించింది.

1918లో అమెరికాలో చీలిన లూథరన్ కూటములు ఏకమయ్యాయి. దాంతో గుంటూరు, రాజమహేంద్రవరం కేంద్రాలు మళ్లీ ఒక్కటయ్యాయి. 1926లో కళాశాల డిగ్రీ స్థాయికి చేరి ఆంధ్ర క్రైస్తవ కళాశాలగా పేరొందింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆవిర్భవించినదీ ఆ ఏడాదే. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడడంతో పగ్గాలు క్రమంగా తెలుగువారి చేతికి వచ్చాయి.

ఈ విద్యాసంస్థల నీడ మతపు ఎల్లలు దాటింది. నందమూరి తారక రామారావు ఏసీ కళాశాల విద్యార్థి. వినుకొండలో జన్మించి, కుల వివక్ష చేదు చవిచూసిన మహాకవి గుర్రం జాషువా గుంటూరులోని లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సుమారు పదేళ్లు పనిచేశారు. కచేరీ ఉద్యోగాలకు వెళ్లినవారు, స్వాతంత్ర్యోద్యమానికి వెళ్లినవారు, పలనాటి పేటల నుంచి తొలిసారి పట్టా అందుకున్నవారు అందరూ ఒకే ఆవరణలో చదువుకున్నారు.

గుర్తుంచుకోవలసింది

హయ్యర్ ఉద్దేశం మతప్రచారమే. ఆయన దానిని ఎన్నడూ దాచలేదు. ఆయన మతంతో ఏకీభవించనివారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. అయితే గుంటూరు జిల్లా విద్యాచరిత్ర రాసేవారు ఎవరైనా ఆయనను దాటి వెళ్లలేరు. ఆయన నడిపిన బడి కొద్ది ఏళ్లే ఆయన చేతిలో ఉంది. మిగిలిన ఏళ్లంతా ఆయన దానిని ఇతరుల చేతుల్లో నిలబెట్టే పనిలో ఉన్నారు. గురజాల వెళ్లినా, మిన్నసోటా వెళ్లినా, రెడింగ్ సభలో నిలబడినా అదే పని.

హెల్మ్‌స్టెట్ విశ్వవిద్యాలయాన్ని రాజులు పోషించారు. మరొక రాజు ఒక్క ఆజ్ఞతో దానిని మూయించాడు. గుంటూరు బడిని పోషించినవారిలో పేరున్న రాజులెవరూ లేరు. కరువులో, యుద్ధంలో, చీలికలో వారి చేయి సన్నగిల్లిందే తప్ప పూర్తిగా ముడుచుకోలేదు. ఇచ్చేవారికి తామిచ్చినది ఎక్కడికి చేరుతోందో తెలియాలని, అందుకునేవారికి అది ఎవరి కష్టార్జితమో తెలియాలని హయ్యర్ జీవితమంతా పాటుపడ్డారు. విద్యాసంస్థలను విరాళాలతో నెలకొల్పుతున్నవారు, విదేశాలలో స్థిరపడి సొంత ఊరి బడికి సొమ్ము పంపుతున్న తెలుగువారు ఆ శ్రద్ధను గమనంలో ఉంచుకోవడం మేలు.